విదియనాటి సిమ్

భుయ్యాడీహ్ బస్తీలో అప్పలరాజు ఇంట్లో ఫోను మోగదు. పెరట్లోకి వెళ్తే సిగ్నల్ ఒక గీత, డాబా ఎక్కితే రెండు. కారఖానాలో మరమ్మతు పని పడినప్పుడు సూపర్‌వైజర్ హరిప్రసాద్ పొద్దున్నే ఫోన్ చేస్తాడు. ఎత్తినవాడికే డ్యూటీ. నెలలో రెండుసార్లు ఆ పని తోటి కూలీ సురేష్‌కి పోయింది. గేట్‌పాస్ ఈ నంబరు మీదే ఉంది కాబట్టి నంబరు మార్చలేడు, అదే నంబరుతో ఫోను కంపెనీ మార్చాలి.

కొత్త నియమాలతో అదంతా చిటికెలో పనని టీ బడ్డీ దగ్గర చెప్పారు. శనివారం సాయంత్రం డాబా ఎక్కి కంపెనీ మారతానని మెసేజ్ కొట్టాడు. కోడ్ వచ్చింది, నాలుగు రోజులు పనిచేస్తుందట.

భార్య జోగమ్మ క్యాలెండర్ తిప్పింది. "రేపు అమాస. ఎల్లుండి పాడ్యమి. ఆ మర్నాడు మంగళారం. బుదారం కూడా విదియే ఉంది, పది దాటేక ఎల్దువు గాని మావా."

అప్పలరాజుకీ అదే సబబనిపించింది. ఇల్లు మారినా చూస్తాం, కంపెనీ మారితే చూడమా?

సోమవారం దేవుడి గూడు ముందు దీపం పెడుతుండగా ఫోను మోగింది. ఇంట్లోనే! పాత కంపెనీ అమ్మాయి. గంట కొట్టినంత స్పష్టంగా, తేనె కారే హిందీలో, ఎందుకు వెళ్ళిపోతున్నారని అడిగింది. తప్పు సిగ్నల్‌ది కాదు, మీ సిమ్‌ది, కొత్తది ఉచితంగా ఇస్తామంది. మంగళవారమే వెళ్ళి తెచ్చుకున్నాడు. పాత కంపెనీయే కదా, దానికి ముహూర్తం ఎందుకు? సిమ్ కొత్తదే గాని ఇంట్లో ఫోను మాత్రం మోగలేదు.

బుధవారం తలస్నానం చేసి, కొబ్బరికాయ కొట్టి, పది దాటాక సిమ్‌లు అమ్మే గౌరీశంకర్ దుకాణానికి వెళ్ళాడు. శనివారాన్నీ లెక్కేసుకుని కోడ్‌కి రాత్రే కాలం చెల్లింది. మళ్ళీ కోడ్ అడిగితే, సిమ్ మార్చినవాళ్ళు ఏడు రోజులు ఆగాలని జవాబొచ్చింది. దొంగలు మన నంబరు కాజేయకుండా పెట్టిన నియమమని గౌరీశంకర్ వివరించాడు. దొంగ నుంచి కాపాడారు సరే, కాపాడి ఎవరి చేతిలో పెట్టారన్నది అప్పలరాజుకి అర్థం కాలేదు. గడువు రాసినవాళ్ళ గోడకి క్యాలెండరే లేదా స్వామీ అని మాత్రం మనసులో అనుకున్నాడు.

ఈ ఏడు రోజుల్లోనే పెద్ద మరమ్మతు పడబోతోంది. సాయంత్రం ఆ అమ్మాయి మళ్ళీ చేసింది, అంతే స్పష్టంగా. మా హరిప్రసాద్ గారి ఫోను కూడా మీరు చేసే దారినే పంపించమ్మా అని బతిమాలాడు. అలాంటి ప్లాన్ లేదని ఆమె విచారం వెలిబుచ్చింది.

మర్నాడు తెల్లవారుతుండగానే సైకిలెక్కి అగ్రికో కాలనీలో హరిప్రసాద్ క్వార్టర్ ముందు నిలబడ్డాడు.

పళ్ళు తోముకుంటూ బయటికొచ్చిన హరిప్రసాద్ విస్తుపోయాడు. "ఏటిరా, ఫోన్ సేసీవోణ్ని గదా?"

"మీరు సేత్తే రాదు బాబూ. నన్నొదలనని కంపెనీ సేత్తేనే వత్తాది."

హరిప్రసాద్ నవ్వాపుకుని, జాబితాలో మొదటి పేరు అతనిదే రాసుకున్నాడు. అప్పుడే అప్పలరాజు జేబులో ఫోను మోగింది. ఎవరని హరిప్రసాద్ అడగలేదు.