ఎంగిలి ఈల

నేను ఒక ఈలను. బొటనవేలంత పొడవున్న నల్లటి ప్లాస్టిక్ ఈలను. మా పాతకాలపు చుట్టాల కడుపులో చిన్న గోళీ ఉండేది. ఉమ్ము తగిలితే అది అంటుకుపోయేది, గట్టిగా ఊదితే ఇరుక్కుపోయేది. నాకు ఆ బాధ లేదు. నా లోపల ఉన్నవి రెండు ఖాళీ గదులు, అంతే. గాలి వస్తే మోగుతాను, రాకపోతే మోగను. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి. పెద్దపెద్దవాళ్లు దీన్ని మరిచిపోబట్టే నా పరువు బజారున పడింది.

కార్ఖానాలో అచ్చుపోసి, గాలిగొట్టం ముందు పెట్టి మోగించి, పెట్టెలో వేశారు. విశాఖపట్నంలో ఒక ఆటసామాన్ల దుకాణంలో ఆరునెలలు ఉన్నాక దాడి సన్యాసిరావు నన్ను కొన్నాడు. అనకాపల్లి దగ్గర ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. సెలవుల్లో తూర్పుతీరం లీగులో బాస్కెట్‌బాల్ రిఫరీ. జీతాలిచ్చి ఆడించే లీగు అది. టిక్కెట్టు కొని చూసే జనం, మూలమూలనా కెమెరాలు. అప్పట్లో నేను కూడా ఆయన్ని మాస్టారనే అనుకునేదాన్ని. ఇప్పుడు సన్యాసిరావనే అంటాను. ఎవరేమనుకున్నా సరే.

ఆయన పని చూసి మురిసిపోయిన రోజులున్నాయి. ఫౌలు కనబడగానే నన్ను ఊదేవాడు, అదే క్షణంలో కుడిచెయ్యి పిడికిలి బిగించి పైకి లేచేది. రిఫరీల పద్ధతి అది. ఈలా పిడికిలీ కవలపిల్లలు, ఒకటి లేకుండా రెండోది రాదు.

లీగు మీటింగులో ఒకసారి లేచి నిలబడి ఆయన అన్న మాట నాకింకా గుర్తే. "ఆటగాడు తప్పు సేస్తే ఊరంతా సూస్తాది. మనం సేస్తే కప్పెట్టుకుంటాం. మనవేటి దేవుళ్లమా? మన తప్పులు కూడా రాసి గోడకి అంటించాల."

ఆ పట్టుదల వల్లే చివరి రెండు నిమిషాల పత్రం పుట్టింది. ప్రతి ఆటలోనూ ఆఖరి రెండు నిమిషాల్లో రిఫరీ ఇచ్చిన నిర్ణయాలన్నీ వీడియోలో చూసి, ఏది ఒప్పో ఏది తప్పో పేరుతో సహా సోమవారం బయటపెట్టేవారు. మొదటి ఏడాది సన్యాసిరావు పేరు రెండుసార్లు వచ్చింది. ఆ రెండూ టీకొట్టు దగ్గర తనే చదివి వినిపించాడు. ఆయన మెడలో వేలాడుతూ నేను ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

మూడోసారి మాత్రం సెమీఫైనల్లో వచ్చింది. లేని ఫౌలుకు నన్ను ఊదాడు, ఒక జట్టు ఇంటికి పోయింది. పత్రం వచ్చిన మర్నాడు ఆయన ఇంటి గేటుకు ఎవరో ప్లాస్టిక్ ఈలల దండ వేసి పోయారు. బస్టాండులో కుర్రాళ్లు ఆయన్ని చూసి ఈలలు వేశారు. తప్పు ఒప్పుకున్నవాణ్ణి జనం నెత్తిన పెట్టుకుంటారనుకున్నాడు పాపం. జనం సంగతి ఆయనకంటే నాకే బాగా తెలుసు, నేను వాళ్ల చెవుల్లోకే కదా వెళ్తాను!

ఆ తర్వాత వచ్చిన ఫైనల్లో ఇంకా నాలుగు సెకన్లే ఉన్నాయి. విశాఖ జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉంది. బంతి జాలారి నూకరాజు చేతిలో ఉంది. ముప్పై మూడేళ్ల మనిషి, మోకాళ్లకు కట్లు కట్టుకుని ఆడుతున్నాడు, మరొక్క సీజన్ ఆడి మానేద్దామనుకుంటున్నాడు. పైకి ఎగిరాడు. ఎదుటివాడి చెయ్యి అతని మణికట్టు మీద ఠపీమని పడింది. మూడడుగుల దూరంలో సన్యాసిరావు ఉన్నాడు. చూశాడు. గుండెల నిండా ఊపిరి పీల్చాడు. ఊపిరి పెదవుల దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. నన్ను పళ్లతో కొరికిపట్టుకున్నాడు, ఆ గాటు ఇప్పటికీ నా మీద ఉంది. బంతి కిందపడింది, గంట మోగింది, ఆట అయిపోయింది.

నూకరాజు కెమెరాల ముందే అన్నాడు: "మాస్టారు సూసారు. సూసి ఊరుకున్నారు." రిఫరీ నిజాయితీని శంకించాడని లీగు అతన్ని ఆపేసి, విచారణ పెట్టింది. ఆ మాట నిజమని తేలితే మళ్లీ ఆడతాడు, అబద్ధమని తేలితే ఏడాది నిషేధం. ఆ వయసులో ఏడాదంటే ఇక ఆట లేనట్టే.

ఈసారి సన్యాసిరావు నిజం చెబుతాడని నేను ధీమాగా ఉన్నాను. పత్రం పెట్టించిన మనిషి కదా! విచారణకు లీగు కార్యదర్శి చంద్రమౌళి, ఒక డాక్టరు, ఒక రిటైర్డు హెడ్మాస్టరు కూర్చున్నారు. సన్యాసిరావు నన్ను మెడలోంచి తీసి బల్ల మీద పెట్టి అన్నాడు: "నేను ఊదానండి. ఈలే మోగలేదు."

ఆడలేక మద్దెల ఓడు అనే మాట వినడమే గాని, ఆ మద్దెల నేనే అవుతానని కలలో కూడా అనుకోలేదు. ఎనిమిదేళ్లు ఆయన పెదవుల మధ్య బతికాను. ఆయన చుట్టకంపు భరించాను. ఆ మాట విని నాకు ఏడుపొచ్చింది, ఏడవడానికి కూడా ఎవరో ఊదాలి.

నూకరాజు లేచాడు. "ఈల పాడైపోనాదంటే ఒప్పుకుంటానండి. మరి సెయ్యి కూడా పాడైపోనాదా? ఊదితే పిడికిలి లెగాల గదా. ఈడియోలో మాస్టారి సెయ్యి తొడ మీదే ఉంది."

"నువ్వు కూర్చోవయ్యా. ముందు ఈల సంగతి తేలనీ," అన్నాడు చంద్రమౌళి.

తేల్చడానికి ఎంతసేపు? ఒక్క ఊదు ఊదితే చాలు. చంద్రమౌళి నన్ను డాక్టరు వైపు జరిపాడు. డాక్టరు క్రిములన్నాడు. హెడ్మాస్టరు దగ్గరికి పోతే ఆయన చేతులు వెనక్కి లాక్కుని, "ఇంకొకళ్ల ఎంగిలి నేనెలా నోట పెట్టుకుంటానండీ," అన్నాడు. వేణ్ణీళ్లతో కడిగిద్దామన్నారు. కడిగినా ఎంగిలి ఎంగిలేగా అన్నారు. ఆఖరికి నన్ను రుమాలుతో పట్టుకుని వెలుతురుకేసి చూసి, "పరీక్షించగా ఈలలో లోపం ఉన్నట్టు తేలింది" అని రాసి ముగ్గురూ సంతకాలు చేశారు. ఎంగిలి ఈల నోటికి అంటకూడదుగాని, ఎంగిలి అబద్ధం ముగ్గురూ పంచుకున్నారు.

సోమవారం పత్రం వచ్చింది. రిఫరీ తప్పులు: సున్నా. నూకరాజుకు ఏడాది నిషేధం. సన్యాసిరావుకు కొత్త రిఫరీలకు పాఠాలు చెప్పే ఉద్యోగం. నాకు లీగు ఆఫీసు వరండాలో గాజుపెట్టె, పక్కన "మోగని ఈల" అని చీటీ.

ఏడాది తర్వాత ఒక ఉదయం నూకరాజు వచ్చాడు, లీగు నుంచి పేరు తీసేయించుకునే కాగితం కోసం. ఒక కాలు ఈడుస్తున్నాడు. లోపల హాల్లో సన్యాసిరావు పాఠం చెబుతున్నాడు, జవాబుదారీతనం గురించి. నూకరాజు చీటీ చదివాడు. పెట్టె మూత తీసి, నన్ను చొక్కా అంచుతో ఒక తుడుపు తుడిచి నోట పెట్టుకున్నాడు. వల లాగేచోట ఒకే చెంబుతో పదిమంది తాగే ఇంట్లో పుట్టినవాడికి ఎంగిలేమిటి!

ఊదాడు. నేను మోగాను. ఏడాదిపాటు దాచుకున్నదంతా మోగాను. హాల్లోంచి, గదుల్లోంచి అందరూ వరండాలోకి వచ్చారు.

చంద్రమౌళి తడుముకోలేదు. "రిపేరు చేయించాం కదయ్యా, మోగక ఏం చేస్తుంది? అంతేనా మాస్టారూ?"

అందరూ సన్యాసిరావు వైపు చూశారు. ఆయన గుండెల నిండా ఊపిరి పీల్చాడు. ఆ ఊపిరి నాకు తెలుసు. పెదవుల దాకా వచ్చింది. ఈసారైనా అని ఆశపడ్డాను, సిగ్గులేకుండా.

"అవునండి. రిపేరు సేయించారు," అన్నాడు.

నూకరాజు నన్ను మళ్లీ పెట్టెలో పెట్టాడు. "దీంట్లో రిపేరు సేయడానికేటుంది మాస్టారూ," అని మెల్లిగా అడిగి, జవాబు కోసం ఆగకుండా కాలు ఈడ్చుకుంటూ మెట్లు దిగిపోయాడు.

మర్నాడు చీటీ మార్చారు. "బాగుచేసిన ఈల" అని రాశారు. నిజంగా బాగుచేయాలంటే నా మీద ఆయన పంటిగాటు ఒకటుంది. దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.