అతుకు కనబడని ప్లేటు

పరీక్ష మధ్యలో నీ చేతికి ఆకురాయి ఎవరిచ్చారని ధర్మలింగం సారు భువనేశ్వరిని పదే పదే అడిగాడు. ఎవరూ ఇవ్వలేదు. పనిముట్ల పెట్టెలో ఉంది, తీసింది, అరగదీసింది. కాలేజీలో వెల్డింగు కోర్సులో చేరిన మొదటి రోజు నుంచి సారు నెత్తిన మొట్టి మరీ చెప్పిన మాట అది. పరీక్షలో అతికిన ప్లేటును సుత్తితో తట్టాలి, తీగల బ్రష్షుతో రుద్దాలి, ఇచ్చెయ్యాలి. ఆకురాయి తాకించారంటే ఆ ప్లేటు చెత్తబుట్టకే. నిద్రలో లేపి అడిగినా ఈ మాట అప్పజెప్పగలదు భువన. అయినా తాకించింది. చదువు బుర్రకెక్కితే చాలదు మరి, చేతికి కూడా ఎక్కాలి. భువన చేతికి అంతకు ముందే ఇంకో చదువు ఎక్కి కూర్చుంది.

ఆ రోజు బాయిలర్లు చేసే కంపెనీవాళ్ళు మనుషుల్ని ఎంచుకోవడానికి కాలేజీకి వచ్చారు. క్లాసులో అందరికంటే నిలకడైన చెయ్యి భువనదే అని సారు వాళ్ళకు ముందే చెప్పి ఉంచాడు. ఈ ఒక్క ప్లేటు గట్టెక్కితే ఉద్యోగం చేతికొచ్చినట్టే. రెండు ఇనప ముక్కల్ని పక్కపక్కన పెట్టి, మధ్య సందును రాడ్ కరిగించి నింపాలి. అన్నీ బాగానే సాగాయి. చివరి వరసలో రాడ్ అయిపోతే ఆగింది, కొత్త రాడ్ తగిలించుకుని మళ్ళీ మొదలుపెట్టింది. మొదలుపెట్టిన చోట చిన్న బొడిపె లేచింది. అంతే. చింతగింజలో సగం కూడా లేదు. ఆ పాటి బొడిపెతో ప్లేటు ఇచ్చినా ఎవరూ ఏమీ అనేవాళ్ళు కారు. కానీ భువన కళ్ళకు మిగతా ప్లేటు కనబడటం మానేసింది, ఆ బొడిపె ఒక్కటే కనబడింది. దాన్ని అణిచేసరికి పక్కభాగం ఎత్తుగా తోచింది. అదీ అరగదీసింది. తనతో చదివే షీబా పక్క క్యాబిన్ నుంచి చూసి "ఏయ్, భువనా!" అని అరిచేటప్పటికి ప్లేటు మొత్తం అద్దంలా తయారై ఉంది.

కంపెనీ తరఫున పరీక్షించడానికి వచ్చినాయన పేరు ఫణీంద్ర. విశాఖపట్నం మనిషి. ప్లేటును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏటమ్మా ఇది? ఏం దాచావు?"

"నేనేమీ దాచలేదు సార్."

"మరి ఎందుకు అరగదీసినట్టు? పైన ఎలా ఉందో చూస్తేనే కదా లోపల ఎలా ఉంటుందో మాకు తెలిసేది? పైన చెరిపేసిన వాళ్ళను నేను నమ్మలేను. రేపు బాయిలర్ పేలితే పోయేది నువ్వూ నేనూ కాదు, పక్కన నిలబడినవాడు."

ప్లేటును పక్కకు తోసేసి, షీబా ప్లేటు అందుకున్నాడు. షీబా అతుకు కాస్త వంకరగానే ఉంది, కానీ ఉన్నది ఉన్నట్టు కనబడుతోంది. షీబాను తీసుకున్నారు. భువన తన ప్లేటును సంచిలో వేసుకుని, ఎవరి ముఖమూ చూడకుండా బయటికి వచ్చేసింది.

దాచావా అన్న మాట భువన వాళ్ళ ఇంటికి కొత్త కాదు. అదే అసలు బాధ.

భువన తండ్రి వెంకటాచలం ఆచారి తాతలనాటి కంసాలి. ఈ తమిళ పట్నంలోని జార్జి టౌన్లో, నగల కొట్ల వెనక సందుల్లో కుంపటి ముందు కూర్చుని, ఊదుగొట్టంతో మంట ఊది, రెండు బంగారు ముక్కల్ని టంకం పెట్టి అతికితే, ఆ అతుకు ఎక్కడుందో చేసిన వాడికి కూడా మర్నాటికి గుర్తుండేది కాదని చెప్పుకునేవాళ్ళు. కొడుకులు లేరు. చిన్నప్పుడు భువన ఆ కుంపటి పక్కనే పెరిగింది. అతుకు కనబడితే ఆయన వేలితో చూపించేవాడు, తిట్టేవాడు కాదు. ఆ వేలు చూస్తే చాలు, ప్రాణం చచ్చిపోయేది.

అది భువన అయిదో క్లాసులో ఉన్నప్పటి మాట. ఆయన చేసిన ఒక వడ్డాణం మచ్చు తక్కువ వచ్చిందని, అంటే అందులో బంగారం పాలు తగ్గిందని, కొట్టు యజమాని పట్టుకున్నాడు. అతుకుల్లో టంకం ఎక్కువ పోసి, బంగారం మిగుల్చుకుని, పైన మెరుగు పెట్టి దాచావన్నాడు. "కోసి చూడండి, ప్రతి అతుకూ కోసి చూడండి" అని వెంకటాచలం నెత్తీ నోరూ బాదుకున్నాడు. పెళ్ళివాళ్ళు వచ్చి కూర్చున్నారు, ఎవరు కోస్తారు? వడ్డాణం పెళ్ళికి వెళ్ళిపోయింది, మాట మాత్రం సందంతా తిరిగింది. ఆ తర్వాత ఎవరూ ఆయనకు తులం బంగారం ఇవ్వలేదు. ఇప్పుడు వ్యాసర్పాడిలో ఇంటి ముందర వరండాలో కూర్చుని కవరింగు నగలకు కొక్కేలు బిగిస్తాడు. "ఆ పొద్దే కోసుంటే తెలిసిపోయుండును" అన్న మాట ఆ ఇంట్లో అన్నం నీళ్ళతో పాటు రోజూ ఉంటుంది.

అలాంటి మనిషి, కూతురు ఇనుము అతకడం నేర్చుకుంటానంటే ఒప్పుకున్నదే గొప్ప. మొదటి నెలల్లో భువన సంబరపడి ఒక ప్లేటు తెచ్చి చూపించింది. వెల్డింగులో మంచి అతుకు అలలు అలలుగా, వరసగా కనబడాలి. ఆయన ఒక్క చూపు చూసి ముఖం తిప్పుకున్నాడు.

"ఇదేంది పాపా, చీమలబారు మాదిరి! అతుకంతా బయటికే కనబడతా ఉండాదే."

తర్వాత ఆమె ఇంకేదీ తెచ్చి చూపలేదు.

పరీక్ష రోజు బస్సు దిగి ఇంటికి నడుస్తూ, జరిగింది జరిగినట్టు చెప్పెయ్యాలనే అనుకుంది. గడప దాటకముందే ఆయన సంచి వైపు చూశాడు.

"ఏమమ్మణ్ణీ, పరీచ్చ ఎట్లా చేసినావు? సంచి అంత బరువుండాదే, ఏముండాది?"

ఆమె ప్లేటు తీసి ఇచ్చింది. నోరు తెరిచేలోపల ఆయన దాన్ని వెలుతురులోకి పట్టుకుపోయాడు. బొటనవేలి గోరును ఇటు చివరి నుంచి అటు చివరికి లాగాడు. మళ్ళీ లాగాడు. నగలు చూసే కంటి అద్దం పెట్టుకుని చూశాడు.

"రెండు ముక్కలా ఇది?"

"అవును నాయినా."

"యాడుండాది అతుకు? చెప్పు, యాడుండాది?" ఆయన లోపలికి కేకేశాడు. "అలివేలూ! పొయ్యి ఆర్పేసి ఇట్లా రా. నీ కూతురు చేసింది చూడు. ఇనుములో, ఇనుములో చేసింది! నా చేతిపని యాడికీ పోలేదే."

భువన తల్లి అలివేలు వచ్చి ప్లేటు చూసింది, తర్వాత కూతురి ముఖం చూసింది. ఏదో తేడా కనిపెట్టినట్టే ఉంది కానీ, మొగుడు అంత సంతోషంగా ఉండగా కదిలించడం ఎందుకనుకుందో ఏమో, ఊరుకుంది. ఆయన వీధిలోని ఇస్త్రీ బండి గోవిందన్ దగ్గరికి ప్లేటు పట్టుకెళ్ళి తమిళంలో గొప్పలు పోయాడు. తిరిగొచ్చి దానికి కుంకుమ బొట్టు పెట్టి, దేవుడి అరలో తన పాత ఊదుగొట్టం పక్కన నిలబెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక తండ్రి తనను మెచ్చుకున్నది ఇదే మొదటిసారి. ఆ మెప్పు దేనికొచ్చిందో తెలిసి కూడా భువనకు కడుపు నిండినట్టయింది. అందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. చెప్పలేదు.

మర్నాడు పొద్దున ధర్మలింగం సారు ఫోన్ చేశాడు. ఫణీంద్ర రెండో బ్యాచి కోసం ఇవాళ కూడా వస్తున్నాడట. సారే ఆయన కాళ్ళా వేళ్ళా పడి ఒప్పించాడట. ఆ ప్లేటును కోసి, అతుకున్న పట్టీని వంచి చూద్దాం, లోపల ఏమీ లేకపోతే పిల్ల తెలియక చేసిందనుకుని ఇంకో ప్లేటు ఇచ్చి మళ్ళీ పరీక్షిద్దాం అని ఫణీంద్ర అన్నాడట. "ప్లేటు పట్టుకుని గబగబా రా" అన్నాడు.

ప్లేటు దేవుడి అరలో ఉంది. ఇక దాచడానికి చోటు లేదు. భువన తండ్రి ముందు కూర్చుని అన్నీ చెప్పింది. అతుకు కనబడాలన్నది నియమమని, అరగదీసినందుకే వద్దన్నారని, ఉద్యోగం షీబాకు పోయిందని. ఆయన వింటూ వింటూ ఒక్కచోట ఆగిపోయాడు.

"దాచినావా అని అడిగినాడా? ఆ మాటే అన్నాడా?"

"అన్నాడు నాయినా."

ఆయన లేచి, అరలోంచి ప్లేటు తీసి, కుంకుమ తుడిచాడు.

"పద. కోయించుదాం. నా వడ్డాణం కోయమంటే ఒకడూ కోయలా. నీది కోస్తామంటా ఉండారు, అది చాలు. నేనూ వస్తా."

"నువ్వెందుకు నాయినా?"

"వాడి ముఖం చూడాల నేను."

ఉతికిన చొక్కా వేసుకుని బస్సులో కిటికీ పక్కన ప్లేటు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దారి పొడుగునా ఒకటే మాట. నీ చెయ్యి నాకు తెలుసు, దాంట్లో ఏమీ ఉండదు, నువ్వు చూడు. కూతురి ఉద్యోగం కోసం వెళ్తున్నాడో, తన పాత బాకీ తీర్చుకోవడానికి వెళ్తున్నాడో ఆయనకే తెలియదు. భువన మాత్రం దేవుళ్ళందరికీ మొక్కుకుంటోంది. నిన్నటిదాకా ఆ ప్లేటు మీద ఉన్నది ఉద్యోగం ఒక్కటే. ఇప్పుడు దాని మీద నాయిన కూడా ఎక్కి కూర్చున్నాడు.

కాలేజీ వర్క్‌షాపులో ప్లేటును అతుకుకు అడ్డంగా కోసి వేలెడు వెడల్పు పట్టీలు తీశారు. పట్టీని వంచే యంత్రంలో పెట్టారు. అతుకు సరిగ్గా మధ్యకు రావాలి, యంత్రం దాన్ని పైనుంచి నొక్కి గుర్రపు లాడంలా వంచుతుంది. లోపల శుభ్రంగా ఉంటే పైన గీత కూడా పడదు. ఫణీంద్ర నిన్నటంత కటువుగా లేడు. పెద్దాయనకు కుర్చీ వేయించాడు. వెంకటాచలం కూర్చోలేదు. యంత్రం దగ్గరికి రాకుండా నేల మీద గీసిన పచ్చగీత ఇవతల చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మొదటి పట్టీ వంగింది. గీత పడలేదు. వెంకటాచలం కూతురి వైపు చూసి తల ఆడించాడు.

రెండో పట్టీ సగం వంగేసరికి నడుమ చిన్న నోరు తెరిచింది. యంత్రం ఇంకా నొక్కింది, నోరు ఇంకా తెరుచుకుంది. ఫణీంద్ర బయటికి తీసి, టార్చి వేసి చూసి, ధర్మలింగం సారుకు ఇచ్చాడు. సారు భువనకు ఇచ్చాడు. చీలికలో నల్లగా మడ్డి ఉంది. రాడ్ కరిగినప్పుడు పైన పెంకులా కట్టే మడ్డి, స్లాగ్ అంటారు. దాన్ని పూర్తిగా రాల్చకుండా మళ్ళీ మొదలుపెడితే లోపలే ఉండిపోతుంది. ఎక్కడ మొదలుపెట్టిందో భువనకు చెప్పక్కర్లేదు. సరిగ్గా ఆ బొడిపె కిందే.

"నువ్వు కావాలని దాచావని నేను అనుకోను, అమ్మా," అన్నాడు ఫణీంద్ర. ఈసారి మెల్లగా అన్నాడు. "కానీ దాగింది కదా. వచ్చే బ్యాచికి మళ్ళీ రా. చెయ్యి మంచిదే."

వెంకటాచలం ఆ పట్టీని అడిగి తీసుకున్నాడు. జేబులోంచి కంటి అద్దం తీసి పెట్టుకుని చీలికలోకి చాలాసేపు చూశాడు. ఎవరి ముఖం చూడాలని వచ్చాడో ఆ మనిషి వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

తిరుగు బస్సులో ఆయన కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఉద్యోగం పోయినందుకు ఏడవాలో, పక్కన ఆ మనిషి అలా అయిపోయినందుకు ఏడవాలో భువనకు తెలియలేదు. బేసిన్ బ్రిడ్జి దాటాక ఆయన అడిగాడు.

"లోపల అది ఉండాదని నీకు నిజంగా తెలియదా పాపా?"

"తెలియదు నాయినా. నీమీద ఒట్టు."

"ఏమీ లేదనే కదా అరగదీసినావు?"

"అవును."

ఆయన తల ఊపాడు. కిటికీకి చెప్తున్నట్టుగా అన్నాడు.

"ఆ వడ్డాణం వాళ్ళు కోయకపోవడమే మంచిదయిందేమో."

"అట్లా అనొద్దు నాయినా! నీ పనిలో ఏమీ ఉండదు."

"నీకెట్లా తెలుసు? నీదాంట్లో ఉండేదే నీకు తెలియలా."

ఇన్నేళ్ళూ ఆయన ఆ ఒక్క నమ్మకం మీద బతికాడు, ఈ రోజు కూతురి చేతిపనే దాన్ని లాగేసింది. ప్లేటు పోతే పోయింది, ఈయన్ని ఎందుకు రానిచ్చాను అనుకుంది భువన. పొద్దున ఒక్క మాట గట్టిగా అని ఇంట్లోనే ఆపి ఉండాల్సింది.

ఇంటికి వచ్చాక ఆయన అన్నం వద్దన్నాడు. వరండాలో తన బల్ల ముందు కూర్చుని, కవరింగు గొలుసు ఒకటి చేతిలోకి తీసుకుని, మళ్ళీ పెట్టేశాడు.

"అప్పుడొకటి తెచ్చినావే, చీమలబారు మాదిరి ఉన్నింది. యాడ పెట్టినావు?"

మంచం కింద ఉంది. భువన తెచ్చి ఇచ్చింది. తుప్పు పట్టింది. ఆయన గోరుతో ఒక్కో అలనూ తడుముతూ పోయాడు, మధ్యలో ఒకచోట ఆగాడు.

"ఈడ ఆగినావు కదా?"

"అవును. రాడ్ అయిపోయింది."

"ఈడ మళ్ళా మొదలుపెట్టినావు. చెయ్యి వణికింది."

"అవును నాయినా."

"కనబడతా ఉండాది," అన్నాడు వెంకటాచలం. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా పని కూడా ఇట్లా కనబడి ఉంటే, వాళ్ళు అన్నింది నిజమో అబద్ధమో నాకన్నా తెలిసుండును."

అలివేలు లోపలి నుంచి అన్నానికి మళ్ళీ పిలిచింది. తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ లేవలేదు.