దొరసాని, బొంగరం, మూసి ఉంచాల్సిన తలుపు

దొరసాని బీరువా ఎక్కి అప్పటికి ఒక పగలు, ఒక రాత్రి గడిచాయి. కిందికి దిగలేదు. ఏమీ తినలేదు. అక్క స్టూలెక్కి నీళ్ల గిన్నె అందిస్తే రెండు గుక్కలు తాగి, మళ్లీ గోడకి అతుక్కుపోయింది.

దొరసాని అక్క పెంచిన పిల్లి. బూడిద రంగు, పదకొండేళ్ల వయసు. అక్క ఇంట్లోనే పుస్తకాలు బైండింగ్ చేస్తుంది. ముందు గదిలో అట్టలు, జిగురు డబ్బాలు, కుట్టడానికి విప్పిన పుస్తకాలు, వాటి మధ్య ఒక మెత్త కుర్చీ. ఎవరైనా తెలియక అందులో కూర్చోబోతే అక్క ఊరుకునేది కాదు. "అది దొరసానిదండీ. మీరు స్టూలు మీద కూర్చోండి" అనేది, మొహం మీదే.

అలాంటి ఇంట్లోకి తమ్ముడు చెప్పాపెట్టకుండా కుక్కపిల్లని తెచ్చాడు.

తమ్ముడిది లిఫ్టులు బాగుచేసే పని. తోటివాళ్లు 'బోల్టు' అంటారు. నాలుగు నెలల క్రితం ఒక లిఫ్టు పెట్టె పైకెక్కి తీగలు చూస్తుంటే కరెంటు పోయింది. అయిదో అంతస్తుకీ ఆరో అంతస్తుకీ మధ్య, నిలబడటానికి కూడా చోటు లేని చీకట్లో, ఆరు గంటలు ఇరుక్కుపోయాడు. కింద ఉన్న తోటి పనివాడు ఇతను ఇంటికి వెళ్లిపోయాడనుకుని తాళం వేసుకుని పోయాడు. ఒంటి మీద గీత కూడా పడకుండా బయటికొచ్చాడు గానీ, అప్పటినుంచీ మూసిన తలుపు వెనక ఉండలేడు. ఊపిరాడదు. చేతులు చల్లబడిపోతాయి. సెలవు పెట్టి అక్క దగ్గరికి వచ్చేశాడు. స్నానానికి వెళితే తలుపు సగం తీసి, దానికి ఒక స్టూలు అడ్డం పెట్టుకునేవాడు. అది చూసినప్పటినుంచీ అక్క, అతను తువ్వాలు భుజాన వేసుకోగానే ముందు గదిలోకి వెళ్లి రేడియో పెద్దగా పెట్టుకునేది. ఒక్కసారి కూడా "ఏంట్రా ఇది" అని అడగలేదు.

కుక్కపిల్లని ఇచ్చింది పనిలో స్నేహితుడు. "మనుషులు పలకరిస్తే నీకు చిరాకు. ఇది ప్రశ్నలడగదు, తీసుకెళ్లు" అన్నాడు. మూడు నెలల పిల్ల. తన తోక కోసం తనే గిర్రున తిరుగుతుంది కాబట్టి బొంగరం అని పేరు పెట్టాడు. నేల మీద దింపగానే అది తిరిగింది. తర్వాత మెత్త కుర్చీ మీద ఏదో కదలడం చూసి, సంతోషంగా అటు దూకింది.

రెండో రోజు మధ్యాహ్నం అక్క పిలిస్తే పశువుల డాక్టరమ్మ ఇంటికొచ్చింది. స్టూలెక్కి దొరసాని చెవులు చూసింది, పొట్ట తడిమి చూసింది. దిగేసరికి ఆమె మొహంలో నవ్వు లేదు.

"నిన్న పొద్దున్నుంచీ ఏమీ తినలేదా?"

"వాసన కూడా చూడలేదమ్మా."

"పిల్లి రెండు మూడు రోజులు పస్తుంటే లివర్ పాడవుతుంది. పైగా దీనికి వయసు మీద పడింది. రేపు సాయంత్రానికల్లా తినకపోతే ఆస్పత్రికి తీసుకురండి, గొట్టం వేసి తినిపించాలి. దాన్ని తట్టుకుంటుందో లేదో నేను మాటివ్వలేను."

అక్క జిగురంటిన చేతుల్ని చీరకొంగుకి తుడుచుకుంటూ నిలబడిపోయింది.

"ముందు ఇవి ఒకదాన్నొకటి చూడకూడదు," అంది డాక్టరమ్మ. "కుక్కపిల్లని ఒక గదిలో పెట్టి తలుపు మూసెయ్యండి. పూర్తిగా. అది పడుకున్న గుడ్డ పిల్లి దగ్గర, పిల్లి గుడ్డ దాని దగ్గర పెట్టండి. ముందు వాసనలు పరిచయం కావాలి. తిండి కూడా అదే తలుపుకి అటొకటి, ఇటొకటి. కుక్క వాసన వచ్చినప్పుడల్లా కడుపు నిండుతోందని పిల్లికి అర్థమవ్వాలి. తర్వాత తలుపు బదులు జాలీ. ఆ తర్వాత కుక్కకి తాడు కట్టి ఒకే గదిలో. రోజులు లెక్కపెట్టకండి. పిల్లి సరే అన్నప్పుడే సరే."

"కుక్కపిల్ల ఒంటరిగా ఉంటే ఏడుస్తుందేమో," అన్నాడు తమ్ముడు.

"ఏడుస్తుంది. ఆ ఏడుపుకి ఇది ఇంకా బెదురుతుంది. అందుకే మీరెవరైనా దానితో లోపలే ఉండండి."

డాక్టరమ్మ వెళ్లిపోయింది. అక్క తమ్ముడి వైపు చూడకుండా, "నా చేతిలో అర్జెంటు పని ఉంది. దొరసానిని నేను చూసుకోవాలి," అంది.

"నేనుంటాలే అక్కా."

"ఉండగలవా?"

"ఉంటానన్నా కదా."

బొంగరాన్ని చంకనేసుకుని వెనక గదిలోకి వెళ్లాడు. తలుపు మూశాడు. గొళ్లెం పెట్టలేదు, చెయ్యి రాలేదు. కిటికీ తీసే ఉంది, వెలుతురు ధారాళంగా వస్తోంది. అయినా తలుపు చట్రానికి తగిలిన ఆ చప్పుడుకే అతని గుండె లయ తప్పింది. నేల మీద కూలబడ్డాడు. బొంగరం అతని పాదం మీద గడ్డం ఆన్చి పడుకుంది. గడియారం చూసుకున్నాడు. ఒక నిమిషం. నాలుగు. తొమ్మిదో నిమిషంలో మెడ వెనక చెమట కారడం మొదలైంది. గదిలో ఎక్కడా లేని గ్రీజు వాసన వచ్చింది. ఇది వెనక గది, అదిగో నా మంచం, అదిగో నా చొక్కా అని తనకి తనే చెప్పుకున్నాడు. పదకొండో నిమిషంలో లేచి పిడి పట్టుకున్నాడు.

ఒక్క వేలెడు సందు. అంతే తీద్దామనుకున్నాడు.

ముందు గదిలో అదే సమయంలో దొరసాని బీరువా దిగింది. అక్క ఉడికించిన చేప ముక్కలు నలిపి గిన్నెలో పెట్టి, దూరంగా జరిగి, ఊపిరి బిగబట్టి చూస్తోంది. పిల్లి గిన్నె దాకా వచ్చింది. తల వంచింది. అప్పుడే వీధి తలుపు తట్టారు. కాలేజీ లైబ్రరీ ఆయన పుస్తకాల కట్టతో వచ్చాడు. మళ్లీ తట్టి గొడవ చేస్తాడేమోనని అక్క పిల్లిలా నడిచివెళ్లి తలుపు తీసింది, నోటి మీద వేలు పెట్టి "ష్" అంది.

బొంగరానికి వేలెడు సందు చాలు. ముక్కు దూర్చింది, తల దూర్చింది, తమ్ముడి చేతుల్లోంచి జారి బాణంలా పోయింది.

గిన్నె ఎగిరిపడింది. కుయ్యిమన్న అరుపు, దాని మీద దొరసాని కేక. కుక్కపిల్ల ముక్కు మీద రక్తపు గీత. పిల్లి ఒక్క దూకుతో, పుస్తకాలు అదిమే ప్రెస్సు బల్ల మీదికి, అక్కణ్నుంచి లైబ్రరీ ఆయన కాళ్ల సందులోంచి మెట్ల మీదికి వెళ్లిపోయింది. కిందికి కాదు, పైకి.

"డాబా!" అంది అక్క. ఆ మాటకే ఇద్దరి పైప్రాణాలూ పైనే పోయాయి. డాబా పిట్టగోడ మోకాలెత్తు కూడా ఉండదు. దాని అవతల నాలుగంతస్తుల లోతు.

తమ్ముడు కుక్కపిల్లని గదిలో పడేసి తలుపు లాగి పరుగెత్తాడు. మెట్ల మీద ముందు వెళుతున్న అక్క వెనక్కి తిరగకుండానే అరిచింది. "ఈ పూటే దాన్ని పంపించెయ్యి! లేదంటే నువ్వు కూడా..." అంటూ ఆగిపోయింది. మిగతా మాట మింగేసింది గానీ తమ్ముడికి వినిపించనే వినిపించింది.

డాబా మీద ఒక మూల అక్క అట్టల కట్టలు దాచుకునే రేకుల గది ఉంది. దాని తలుపు ఓరగా తెరిచి ఉంది. అట్టల వెనక నుంచి సన్నని గుర్రు వినిపించింది. "ఇక్కడే ఉంది తల్లి," అంటూ అక్క చెయ్యి చాచింది. దొరసాని తన మనిషిని గుర్తుపట్టే స్థితిలో లేదు. మణికట్టు మీద కసుక్కున కరిచింది. అక్క అరవలేదు, పెదవి కొరుక్కుంది. రక్తం మోచేతి దాకా కారింది.

"కిందికి వెళ్లి సబ్బుతో కడుక్కో. పిల్లి కాటు మంచిది కాదు, లోతుగా దిగింది."

"నేను పోతే ఇది బయటికొస్తుందిరా. బయటికొస్తే పిట్టగోడే."

"నేను లోపలికి వెళతా."

అక్క అతని కళ్లలోకి చూసింది. "తలుపు మూయాలి. గొళ్లెం ఊడిపోయింది, తలుపేమో లోపలికి తెరుచుకుంటుంది. లోపల్నుంచి ఆపాలంటే వీపు ఆన్చి కూర్చోవాల్సిందే. కిటికీ కూడా లేదు."

"తెలుసు. వెళ్లక్కా."

లోపలికి వెళ్లి తలుపు మూసుకుని, దానికి వీపు ఆన్చి కూర్చున్నాడు.

చీకటి. మధ్యాహ్నపు ఎండకి రేకులు కాలి గది పొయ్యిలా ఉంది. కింద నాలుగు వేళ్ల సందులోంచి ఒక వెలుగు చార తప్ప ఇంకేమీ లేదు. అంతలోనే అతని కింద నేల మెల్లగా ఊగింది, లిఫ్టు పెట్టె తాడు మీద ఊగినట్టు. నేల ఊగదు, డాబా ఊగదు అని బుద్ధికి తెలుసు. ఒంటికి తెలియలేదు. నోరు ఎండిపోయింది. గోళ్లు అరచేతిలో గుచ్చుకున్నాయి. లేచి ఒక్క అడుగు వేస్తే చాలు, బోలెడంత ఆకాశం. ఆ ఒక్క అడుగూ వేస్తే తన కాళ్ల సందులోంచి దొరసాని కూడా వేస్తుంది.

అట్టల వెనక రెండు పచ్చని చుక్కలు అతన్నే చూస్తున్నాయి. దాని గుర్రు మధ్యలో ఊపిరి వినిపించింది. చిన్నగా, వేగంగా, ఆగి ఆగి. ఆ ఊపిరి అతనికి బాగా తెలుసు.

"నాదీ అలాగే ఉందే," అన్నాడు. "నువ్వు రెండు రోజుల నుంచి బీరువా మీద ఇలాగే ఉన్నావా? తప్పు నాదే. దాన్ని తెచ్చే ముందు ఒక మాట అడగాల్సింది. మీ అమ్మని అడగలేదు, నిన్నూ అడగలేదు."

గుర్రు ఆగలేదు. అతను మాట్లాడుతూనే ఉన్నాడు. మాట ఆపితే పరుగెడతానని భయం. ఎవరికీ చెప్పనివి చెప్పాడు. ఆ రోజు మొదటి గంటలో అరిచానని, రెండో గంటలో అరవడం కూడా మానేశానని, అరుపు తిరిగి తన చెవుల్లోకే వస్తుంటే ఇంకా భయమేసిందని, తాళం వేసినవాడి మీద ఇప్పటికీ కోపం రావట్లేదని, అదే తనకి వింతగా ఉందని.

అటువైపు, తలుపుకి బయట, ఎవరో కూర్చున్న చప్పుడైంది. అక్క. చేతికి గుడ్డ చుట్టుకుని ఎప్పుడు వచ్చిందో, ఎంత విందో తెలియదు.

"ఆస్పత్రికి వెళ్లలేదా?"

"సబ్బుతో బాగా కడిగా. ఇంజక్షన్ సాయంత్రం చేయించుకుంటా." తర్వాత, "తలుపు తియ్యనా?" అంది.

తియ్యమనాలని ఒళ్లంతా అరిచింది.

"తియ్యకు. నువ్వు మాట్లాడుతూ ఉండు, చాలు."

అక్క ఏం మాట్లాడాలో తోచక, తను కుడుతున్న పుస్తకం సంగతి చెప్పడం మొదలుపెట్టింది. దారం ఎక్కడ తెగిందో, ఎవరో తిక్కలోడు ముందు ఎంత అడ్డదిడ్డంగా కుట్టాడో చెబుతూ వాడిని తిట్టిపోసింది. తిడుతూనే, తలుపు కింది సందులోంచి ఒక పళ్లెం లోపలికి జరిపింది. చేప ముక్కలు.

ఆ గొంతు విన్నాకనే పచ్చని చుక్కలు కదిలాయి. కదిలి ఆగాయి. మళ్లీ కదిలాయి. దొరసాని పొట్ట నేలకి ఆనించి, అంగుళం అంగుళం పాకుతూ వచ్చింది. అతను రెప్ప వేయలేదు. ఊగే నేల మీదే శిలలా కూర్చున్నాడు. పళ్లెం అతని మోకాలి పక్కనే ఉంది. పిల్లి ముందు అతని ప్యాంటు అంచు వాసన చూసింది, బొంగరం గడ్డం ఆన్చిన చోట. చెవులు వెనక్కి పోయాయి. తర్వాత ఒక ముక్క నాకింది. ఇంకొకటి. ఆ తర్వాత నమిలిన చప్పుడు.

"అక్కా," అన్నాడు గొంతు తగ్గించి. "తింటోంది."

బయట అక్క తిట్టడం ఆపింది. ముక్కు ఎగబీల్చడం వినిపించింది.

అతను లోపల గంటన్నర ఉన్నాడని తర్వాత అక్క చెప్పింది. అక్క తలుపు ఓరగా తోసి అందించిన మూత బుట్టలో దొరసానిని పెట్టుకుని బయటికొచ్చాక డాబా మధ్యలో వెల్లకిలా పడుకుండిపోయాడు. లేవడానికి చాలాసేపు పట్టింది.

సాయంత్రం ఇంజక్షన్ చేయించుకుని వస్తూ దారిలో అక్క, "మెట్ల మీద నేనన్న మాట..." అని మొదలుపెట్టింది.

"ఏ మాట?" అన్నాడు.

అక్క ముందుకు నడిచింది.

ఆ మర్నాడే అన్నీ చక్కబడ్డాయని చెబితే అబద్ధం. గుడ్డలు మార్చారు. బొంగరం గుడ్డ మీద దొరసాని రెండు రోజులు ఉచ్చ పోసింది, మూడో రోజు దాని అంచు మీద కూర్చుంది. మూసిన తలుపుకి ఇటూ అటూ గిన్నెలు పెట్టారు. తమ్ముడు లోపల మొదట పావుగంట ఉండేవాడు, అప్పుడు అక్క వచ్చి అతన్ని బయటికి పంపి తను కూర్చునేది. కొన్ని రోజులు అరగంట ఉన్నాడు, ఒకరోజు మూడు నిమిషాలకే బయటపడ్డాడు. ఆరో రోజున ఇనుప జాలీతో తలుపు చట్రానికి సరిపోయే గేటు ఒకటి చేసి బిగించాడు. నాలుగు నెలల తర్వాత అతను స్పానర్ పట్టుకోవడం అదే మొదటిసారి. గేటు బిగిశాక బొంగరం జాలీ దగ్గర గిర్రున తిరిగితే దొరసాని బీరువా ఎక్కింది గానీ, పావుగంటలో దిగింది.

తాడు కట్టి ఒకే గదిలో కూర్చోబెట్టిన రోజు అక్కాతమ్ముళ్లిద్దరికీ భయమే. డాక్టరమ్మ కూడా వచ్చింది. బొంగరం ముందుకు ఉరికింది, తమ్ముడు తాడు బిగించాడు. దొరసాని లేచి నిలబడి, వీపు విల్లులా వంచి, దాని చెంప మీద చెళ్లున ఒకటిచ్చింది.

"గోళ్లు తియ్యలేదు! చూశారా?" అంది డాక్టరమ్మ. "ఉత్త చేత్తో కొట్టింది. ఇది యుద్ధం కాదు, బుద్ధి చెప్పడం."

వాటికి స్నేహం కుదరలేదు. కుదురుతుందని అక్క అనుకోవడమూ లేదు. కుక్కపిల్ల మెత్త కుర్చీ దరిదాపులకి వెళ్లదు. పిల్లి జాలీ గేటు దాటి వెనక గదిలోకి వెళ్లదు. మిగతా ఇల్లంతా సర్దుబాటు మీద నడుస్తోంది.

అయిదో వారంలో తమ్ముడికి పని నుంచి ఫోనొచ్చింది. పైకెక్కే పని కాదు, కింద కరెంటు ప్యానెల్ దగ్గరైతే వస్తానన్నాడు. సరేనన్నారు. ఆ మాట చెబుదామని ముందు గదిలోకి వెళ్లేసరికి, అక్క పుస్తకం కుడుతూ సూదిని గాల్లోనే ఆపి కూర్చుని ఉంది. కిటికీలోంచి నేల మీద పడ్డ ఎండ ముక్కలో దొరసాని పడుకుని ఉంది. దానికి బారెడు దూరంలో, ఎండ అంచు మీద, తాడు లేకుండా బొంగరం పడుకుని ఉంది. రెండూ నిద్రపోతున్నాయి.

తమ్ముడు జేబులోంచి మెల్లగా ఫోను తీశాడు.

"ఊరుకోరా," అంది అక్క పెదవులు కదపకుండా. "ఫొటో వద్దు, లేస్తాయి. అలా కూర్చో."

అతను చప్పుడు కాకుండా స్టూలు మీద కూర్చున్నాడు.