దాచిన బాలయేసు

ఫాదర్ విజయ్ కుమార్ గారికి రెండింటి మీద కొండంత నమ్మకం. ఒకటి తన ప్రసంగం, రెండోది తన జ్ఞాపకశక్తి. మలికిపురానికి రెండు మైళ్ళ దూరంలో, కాలవ గట్టున ఉన్న ఆ కతోలిక గుడి విచారణకు ఆయన గురువుగా వచ్చి ఐదేళ్ళయింది. ఎవరి పిల్లకు ఏ నెలలో జ్ఞానస్నానం ఇచ్చిందీ పుస్తకం తెరవకుండా చెప్పేవారు. ఇక ప్రసంగమంటారా, మైకు పోయినా ఆయన గొంతు అవతలి గట్టు దాకా వినబడేది.

ఆగమన కాలం వచ్చిందంటే ఆయనకు మరీ హుషారు. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు, నాలుగు కొవ్వొత్తులు, ఊదారంగు పూజావస్త్రాలు. "ఇంటికి సున్నం వేస్తే సరిపోదు, లోపలి బూజు దులపండి" అని మొదలుపెట్టి, ఒక్కొక్కరినీ గురువు ముందు తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనం దాకా నడిపించేవారు. వారం వారం ఆ ప్రసంగంలోంచి ఒక వాక్యం ఏరి, ఊళ్ళో జపాలు నేర్పే ఉపదేశి జగన్మోహనరావు గుడి బయట నల్లబోర్డు మీద సుద్దతో రాసేవాడు. రెండో వారం వాక్యం ఇది: "నలుగురిలో తీసిన పరువు నలుగురిలోనే తిరిగివ్వాలి." తన మాట తనకే తెగ నచ్చి, దాన్ని చెరపొద్దన్నారు ఫాదర్ గారు.

మూడో ఆదివారం ఆనందపు ఆదివారం. ఆ రోజు ఊదా పక్కన పెట్టి గులాబీ రంగు వస్త్రం వేసుకుంటారు. ఏడాదికి రెండుసార్లే దాని అవసరం. ఈస్టరుకు ముందు తపస్సుకాలంలో ఒకసారి వస్తుంది గానీ, ఈ ఏడు ఆ రోజు ఆయన ఊళ్ళో లేరు. పొద్దున్నే పూజకు ముందు, పీఠం వెనక గదిలో బీరువా అడుగు నుంచి గులాబీ వస్త్రం తీశారు. మడతలో బరువుగా ఏదో చేతికి తగిలింది. విప్పి చూస్తే బాలయేసు బొమ్మ! ఎడమ కాలి బొటనవేలు విరిగిన పాత బొమ్మ. నిరుడు పోయిందనుకున్నదే, సందేహమే లేదు.

క్రిస్మస్ పూజ దాకా పశువుల పాకలో తొట్టి ఖాళీగానే ఉంచాలి. బొమ్మను వేరే చోట దాచి, పూజలో ఊరేగింపుగా తెచ్చి పడుకోబెట్టాలి. అది ఆచారం. నిరుడు పిల్లలు ఆడుకుని విరగ్గొడతారని ఆయనే స్వయంగా ఈ మడతలో దాచారు. దాచి, శుభ్రంగా మరిచిపోయారు. పండగ పూజవేళ చూస్తే బొమ్మ లేదు. పాటలవాళ్ళూ పెద్దలూ కిక్కిరిసి ఉన్న ఇదే గదిలో ఆయన గొంతు లేచింది.

"తాళం మీ దగ్గరే ఉంది కదండీ వరహాలమ్మ గారూ! మరి బాలయేసు కాళ్ళొచ్చి నడిచెళ్ళిపోయేడా?"

వరహాలమ్మ ఇరవై రెండేళ్ళుగా ఆ గుడి ఊడ్చి, గంట కొట్టి, తాళాలు కొంగున కట్టుకు తిరిగిన మనిషి. కొంగు ముడి విప్పి తాళాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఊరి నోటికి మూతేముంది? మనవరాలికి ఆడుకోడానికిచ్చిందన్నారు కొందరు. అమ్ముకుందన్నారు ఇంకొందరు. ఆ తరవాత ఆవిడ ఈ గుడి మెట్టెక్కలేదు.

'చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికాను' అనుకున్నారు ఫాదర్ గారు.

అంతలో జగన్మోహనరావు లోపలికొచ్చి నోరు తెరిచాడు. "అమ్మమ్మా! దొరికేడా అండీ?"

"దొరికేడు. దాచింది నేనే."

ఉపదేశి వెనక్కి తిరిగి తలుపు దగ్గరికేశాడు. "ఆ ముక్క ఈ గది దాటనివ్వకండి ఫాదర్ గారూ. సాయంత్రం మీరొక్కరే ఎల్లి ఆవిడకి చెప్పొచ్చేస్తే సరిపోద్దండి. ఇంతమందిలో తప్పు నాదేనంటే రేపు మీ ప్రసంగం ఎవరింటారండీ?"

ఉన్నమాట చెప్పుకోవాలి, ఆ సలహా ఫాదర్ గారికి అమృతంలా తోచింది. "ఆయ్, అదే మంచిది" అని కూడా అనేశారు. అని, వస్త్రం తలమీంచి దించుకుంటూ అలవాటుగా అడిగారు. "బోర్డు మీద ఈ వారం వాక్యం రాసేరా?"

"లేదండి. చెరపొద్దన్నారు కదండీ. పాతదే ఉందండి."

ఫాదర్ గారు కుర్చీలో కూలబడ్డారు. ఆ తరవాత లేచి, బొమ్మను రెండు చేతులా పట్టుకుని నేరుగా జనం ముందుకు వెళ్ళారు.

"నిరుడు ఈ బొమ్మను దాచింది నేను. మరిచిపోయింది నేను. నింద వేసింది మాత్రం వరహాలమ్మ గారి మీద. అప్పుడు మీరంతా విన్నారు. ఇప్పుడూ వినాలి. పూజ అరగంట ఆలస్యం. నాతో రండి."

గుడి గుడంతా ఆయన వెంట లేచింది. వంతెన దాటి, మంచుకు తడిసిన గట్టు గడ్డిలో గులాబీ అంచు ఈడ్చుకుంటూ ఆయన ముందు నడిచారు. వాకిట్లో ముగ్గు పెడుతున్న ఒకావిడ చెయ్యాపి, "ఇవాళేం పండగండీ?" అంది. "పండక్కి ముందు పనమ్మా" అన్నారాయన, ఆగకుండా.

వరహాలమ్మ అరుగు మీద కూచుని చీపుళ్ళకు కొబ్బరీనెలు చీరుతోంది. ఇంత జనాన్ని చూసి కంగారుగా లేచి నిలబడింది. ఫాదర్ గారు ఆవిడ ముందు మోకరించి, దాచిందీ మరిచిందీ అరిచిందీ ఒక్క ముక్క మింగకుండా చెప్పారు. "క్షమించండమ్మా" అన్నారు. అవతలి గట్టుకు వినబడే ఆ గొంతు అక్కడ వణికింది.

వరహాలమ్మ బొమ్మనందుకుని, విరిగిన బొటనవేలిని వేలితో తడిమింది.

"మీ జ్ఞాపకశక్తి సంగతి ఊరందరికీ తెలుసు కదండీ" అంది చివరికి. "ఫాదర్ గారు మరిచిపోతారా, నేనే ఎక్కడో పెట్టి మరిచేననుకున్నానండి. ఏడాదంతా ఇల్లు వెతుక్కున్నాను. ధాన్యం కుండలు కూడా బోర్లించి చూసేను. మలికిపురం ఎల్లి, అక్కడి ఫాదర్ గారి దగ్గర పాపసంకీర్తనం కూడా చేసేనండి. చెయ్యని తప్పుకి."

ఫాదర్ గారికి ఏడుపొచ్చేసింది. దాచుకోలేదు. జనంలో ఒక్కరూ తలెత్తలేదు. నిరుడు తలా ఒక మాట అన్నవాళ్ళే అందరూ.

"నాకేం ప్రాయశ్చిత్తం వేస్తారో వెయ్యండమ్మా" అన్నారు.

"నేనెయ్యడమేంటండీ, లెగండి ముందు. తాళాలేవి?"

ఆయన జేబులోంచి తీసిచ్చారు. ఆవిడ కొంగున ముడేసుకుంది. "గంట జగన్మోహనరావు గారే కొడతన్నారా అండీ? ఇల్లంటుకున్నట్టు కొడతన్నారు. ఇక్కడికి వినబడతానే ఉంది."

అప్పుడు నవ్వారు జనం. ఆవిడ బాలయేసును కొంగులో చుట్టి గుండెకు ఆనించుకుని మెట్టు దిగింది.

"ఈ ఏడు నేను దాస్తానండి."

"ఎక్కడమ్మా?"

"పండగ రోజు చెబుతాను లెండి. మీకు చెబితే మరిచిపోతారు."

"ఆయ్" అన్నారు ఫాదర్ గారు. ఆవిడ వెనకే నడిచారు.