పదకొండు మూరల గండి

ఆ సబ్బాతు రోజున మత్యా నోరు మూసుకుని కూర్చుని ఉంటే తన తోట తనకు దక్కేదని శల్మాయి ఇప్పటికీ అంటాడు. వినేవాళ్ళు తల ఊపుతారు. కొందరు తప్పంతా మత్యాదేనని కూడా అంటారు, అప్పటికి వాళ్ళ చేతిలో శల్మాయి పోసిన ద్రాక్షారసం గిన్నె ఉంటుంది కాబట్టి.

జరిగింది చిన్న విషయమే. రెండేళ్ళ కిందట, తొలి వానలు పడ్డ వారం, యూదుల సమాజమందిరంలో గ్రంథం చదవడానికి శల్మాయిని పిలిచారు. తొమ్మిదో ఏట తండ్రి కాలు విరిగితే పంతులు దగ్గర నుంచి వచ్చేసి తోట పనిలో పడ్డవాడు. అక్షరాలు తెలుసు. వరసగా చదవమంటే మాత్రం బురదలో దిగిన గాడిద నడక. అందుకే వారం రోజులు ఆ నాలుగు వచనాలూ తోటలో తీగలు కత్తిరిస్తూ పైకి చదువుకుని వెళ్ళాడు. రెండు వచనాలు బాగానే గడిచాయి. మూడోదానిలో ఆగిపోయాడు. ఇంకాసేపు ఊరుకుంటే ఆ మాట అతనికే తోచేది. వెనక రాతిబల్ల మీద నుంచి మత్యా ఆ మాట గట్టిగా అందించాడు. తర్వాతి మాట కూడా అందించాడు. చివరికి వచనమంతా మత్యా చెప్పడం, గడ్డం నెరిసిన శల్మాయి చిన్నపిల్లాడిలా వెంట చెప్పడం అయింది. వెనక ఎవరో నవ్వారు.

బయటికి వచ్చాక మత్యా భుజం మీద చెయ్యి వేశాడు. "పర్లేదులేరా, ఎవరికైనా అవుతుంది" అన్నాడు.

నవ్వినవాణ్ణి శల్మాయి మర్చిపోయాడు. ఆ చెయ్యి మాత్రం మర్చిపోలేదు.

ఇద్దరూ ఒక ఈడువాళ్ళు. చిన్నప్పుడు ఒకే గాడిద మీద తిరిగారు. పొలాలు కూడా ఆనుకునే ఉన్నాయి. గుట్ట వాలులో పైన శల్మాయి ద్రాక్షతోట, కింద మత్యా గోధుమ చేను, మధ్యలో మట్టి లేకుండా పేర్చిన రాతిగోడ. ద్రాక్ష, ధాన్యం కలవకూడదని ధర్మశాస్త్రం. మధ్యలో పది బెత్తెల ఎత్తు గోడ ఉంటే ఇటుది ఇటే, అటుది అటే. గోడ పోయి రెండూ ఒక చోట పెరిగితే అటు గింజ, ఇటు కాయ, తీగతో సహా తగలబెట్టాల్సిందే. గలిలయలో ఈ సంగతి పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. తోట ఎవరిదో గోడ బాధ్యత వాళ్ళదేనని కూడా తెలుసు.

గోడ మొదటిసారి ఆ చలికాలంలోనే వానకు కూలింది. శల్మాయి ఎవరినీ పిలవకుండా కట్టుకున్నాడు. రెండోసారి ఈ ఏడు, పస్కా పండుగకు నెల ముందు, మత్యా మేకలు ఎక్కి తొక్కితే కూలింది.

ఊరి తగవులు తీర్చే ఎలాసా వచ్చి చూశాడు. చెప్పులు కుట్టి బతికే ముసలాయన. ధర్మశాస్త్రం మీద పట్టున్నవాడు. నడుముకు ఎప్పుడూ ముడులు వేసిన కొలతతాడు ఉంటుంది.

"ఎనిమిది మూరలు," అన్నాడు తాడు చుట్టుకుంటూ. "పది మూరల లోపు గండి గుమ్మం కింద లెక్క. ఇప్పటికి భయం లేదు. పది దాటిందంటే గోడ లేనట్టే. కట్టెయ్యి శల్మాయీ."

"కూల్చింది వాడి మేకలు మామా. కట్టాల్సింది నేనా?"

"మేకలకు నేను ధర్మం చెప్పలేను గదా. నీకైతే చెప్పగలను. కట్టు."

"గుమ్మం అన్నావుగా. గుమ్మంలాగే ఉండనీ. మా మత్యాగారు దర్జాగా వచ్చి పోతుంటారు."

ఎలాసా నవ్వలేదు. "చెప్పాల్సింది చెప్పాను. గుర్తుపెట్టుకో" అని వెళ్ళిపోయాడు.

మూడో రోజు మత్యా గడ్డపార భుజాన వేసుకుని, ఖాళీ గంప పట్టుకుని వచ్చాడు. గండికి అవతలే నిలబడ్డాడు.

"మేకలు నావేలేరా, ఒప్పుకుంటున్నా. నేను రాళ్ళందిస్తా, నువ్వు పేర్చు. మధ్యాహ్నానికి అయిపోతుంది."

"ఏ రాయి తర్వాత ఏ రాయి పెట్టాలో కూడా నువ్వే అందిస్తావా?"

మత్యా గంప కింద పెట్టాడు. "అది ఇంకా కడుపులో పెట్టుకున్నావా? రెండేళ్ళయింది గదరా."

"నేనేం పెట్టుకోలేదు. నా గోడ నేను కట్టుకుంటా. నువ్వు నీ మేకల్ని కట్టుకో."

"పోనీ గోడ వెంబడి రెండు బారల గోధుమ పచ్చిగానే కోసి గొడ్లకు వేసేస్తా. ఇంక ఎవరికీ భయం ఉండదు."

"ఒక్క పరక కోశావంటే చూడు. ఆ తర్వాత ఊరంతా తిరిగి శల్మాయి తోట నేనే నిలబెట్టానని చెప్పుకుంటావు. నీ దానం నాకొద్దు."

"దానమేంట్రా, నా గోధుమ కూడా పోతుంది గదా."

"పోతే నేనిచ్చుకుంటా. వెళ్ళు."

మత్యా గడ్డపార ఎత్తుకుని వెళ్ళిపోయాడు. అతనిదీ మెత్తని మనసేం కాదు. వద్దన్న చోట రెండోసారి అడిగే రకం కాదు. గోధుమ కొయ్యలేదు.

శల్మాయి మర్నాడే కట్టాలనుకున్నాడు. మర్నాడు మత్యా చేలో కలుపు తీస్తున్నాడు. వాడి కళ్ళముందు వంగి రాళ్ళు ఎత్తడానికి మనసొప్పలేదు. ఆ తర్వాత పస్కా పని మీద పడింది. ఇల్లు దులపడం, పాత పిండి బయట పారెయ్యడం, గొర్రెపిల్ల బేరం. పండుగ వెళ్ళాక కాలం కాని కాలంలో రెండు రోజులు వాన కొట్టింది. శల్మాయి ఆ వైపు వెళ్ళనే లేదు. వెళితే మత్యా కనిపిస్తాడని తోట పని కూడా పై వరసల నుంచే చేసుకొచ్చాడు.

ఆకుకూర కోసం గోడ దాకా వెళ్ళింది అతని భార్య షప్పీరా. గంప కూడా నింపకుండా వచ్చేసింది.

"ఏమయ్యా, గోడ ఇంకా జారింది. నువ్వు చూశావా?"

"ఎంత జారింది?"

"నేను కొలవగలనా? నేనూ, మా అక్కా, వాళ్ళ చిన్నదీ చేతులు చాపి నిలబడినా మూసుకోదు. మీ నాన్న నాటిన వరసలకు ఎదురుగానే. ఒక్క పూట పని. మత్యా మొహం చూడాల్సి వస్తుందని తోట పోగొట్టుకుంటావా?"

"మత్యా పేరెత్తకు."

"ఎత్తనులే. నువ్వు రాళ్ళెత్తు."

వెళ్ళి మూరతో కొలుచుకున్నాడు. పదకొండు. తీగల కింద చెయ్యి పెట్టి చూస్తే కాయలు ఇంకా మిరియాలంతే ఉన్నాయి. కాయ తెల్లచిక్కుడు గింజంత అయితేనే ధర్మం పట్టుకుంటుంది, అందాకా గడువుంది. కూలిన రాళ్ళు సగం వానకు వాలులో దొర్లిపోయాయి. అందుకని రెండు రోజులు గాడిదతో వాగులోంచి రాళ్ళు మోశాడు. గండి పక్కన మోకాలెత్తు కుప్ప పోశాడు. మూడో రోజు సబ్బాతు, పని ముట్టకూడదు. నాలుగో రోజు కట్టాలని పొద్దున్నే వెళితే, మత్యా కింది మడిలో బార్లీ కోతకు కూలీలను దింపాడు. పదిహేను మంది. వాళ్ళ నవ్వులు, పాటలు పైదాకా వినిపిస్తున్నాయి.

వాళ్ళు పోయాక కడదామని శల్మాయి వెనక్కి తిరిగాడు. నాలుగు రోజులు గడిచినా కోత పూర్తి కాలేదు. ఆ నాలుగు రోజులూ ఎండ బాగా కాసింది. కాయ ఊరుకోలేదు.

అయిదో రోజు ఎలాసా వచ్చాడు. శల్మాయిని ఇంటి నుంచి పిలిపించాడు. ఒక గుత్తి నుంచి కాయ తెంపి, సంచిలోంచి తెల్లచిక్కుడు గింజ తీసి పక్కన పెట్టి చూశాడు. రెండూ సమానంగా ఉన్నాయి. అవతల ఒక గోధుమ వెన్ను అరచేతిలో నలిపాడు. పచ్చిగానే ఉన్నా గింజ గట్టిపడింది. తర్వాత తాడు పరిచాడు. కింది మడిలో కూలీలు కొడవళ్ళు ఆపి గట్టు దాకా వచ్చారు. వాళ్ళ ముందు మత్యా.

"పదకొండు మూరలు," అన్నాడు ఎలాసా. "ఇప్పుడొక మాట అడుగుతాను, తొందరపడకుండా చెప్పు. గోడ కూలిందని చెప్పినా పట్టించుకోకుండా వదిలేసినవాడి తోట పోతుంది. కట్టే పనిలో ఉండగా ఆలస్యమైనవాడిది పోదు. ధర్మం అంతే. నువ్వు వదిలేశావా, కట్టే పనిలో ఉన్నావా?"

శల్మాయి నోరు తెరిచాడు. చెప్పాల్సిన మాట నాలుక మీదే ఉంది. రాళ్ళు అక్కడే ఉన్నాయి. గాడిద వీపు మీద పుండు ఇంకా మానలేదు. గొంతు సవరించుకున్నాడు.

"కట్టే పనిలోనే ఉన్నాడు మామా," అన్నాడు మత్యా గట్టు మీద నుంచి. "ఆ కుప్ప చూడు. రెండు రోజులు వాగులోంచి మోశాడు, నా కళ్ళతో చూశా. మేం ఇక్కడ కోతలో ఉండబట్టి ఆగాడు. చెప్పరా శల్మాయీ. కట్టే పనిలో ఉన్నానని చెప్పు, చాలు."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అది శల్మాయికీ తెలుసు. కూలీల్లో ఒకడు నవ్వుతున్నాడు. దేనికి నవ్వుతున్నాడో దేవుడికే తెలియాలి.

"ఆ రాళ్ళు తొట్టికి," అన్నాడు శల్మాయి. "ద్రాక్ష తొక్కే తొట్టి అంచు పగిలితే తెచ్చుకున్నా. గోడ సంగతి ఎప్పుడో వదిలేశా."

ఎలాసా తాడు ముడి మీద బొటనవేలు పెట్టి అలాగే నిలబడ్డాడు.

"ఇంకోసారి అడుగుతున్నాను."

"ఇంకోసారి అడిగినా అదే మాట."

"అబద్ధం చెప్తున్నాడు మామా," అన్నాడు మత్యా. "నా మీద కోపంతో చెప్తున్నాడు. నేను సాక్ష్యం చెప్తా."

"తనకు నష్టం వచ్చే మాట తన నోటితో తనే ఒప్పుకున్నాడు. దాన్ని నీ సాక్ష్యం కొట్టెయ్యదు. నేనూ కొట్టెయ్యలేను." ఎలాసా శల్మాయి వైపు చూడకుండానే తాడు చుట్టుకున్నాడు. "వారాల పండుగ లోపు గండి చుట్టూ ధర్మం చెప్పిన మేరా తగలబెట్టాలి. రెండు వైపులా."

శల్మాయి అనుకున్నది మత్యా నోరు మూయించాలని మాత్రమే. ఒక్కసారి ఆ మొహం పదిమందిలో వెలవెలబోతే చూడాలనిపించింది. వెలవెలబోయింది. చూశాడు. అందులో ఏ సంతోషమూ లేకపోయింది.

షప్పీరా ఏడవలేదు. పప్పు పొయ్యి మీద నుంచి దించి పక్కన పెట్టింది. "నీ నోటితోనా?" అని మాత్రం అడిగింది. ఇంకేమీ అడగలేదు. అది భరించలేక పొద్దు వాలకముందే అతను ఎలాసా కొట్టుకు వెళ్ళాడు. ముసలాయన చెప్పు అట్టకు ఆరెతో కన్నం పొడుస్తున్నాడు.

"మామా, ఆ రాళ్ళు గోడకే."

"తెలుసు. తొట్టికి అన్ని రాళ్ళు ఎవడు తెస్తాడు?"

"తెలిసి కూడా..."

"రెండుసార్లు అడిగాను గదా నాయనా. మొదటిసారి న్యాయం కోసం అడిగాను. రెండోసారి నీ కోసం అడిగాను." ఆరె కింద పెట్టాడు. "పదిహేను మంది విన్నారు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అంటే, నష్టం తెలిసొచ్చి మాట మార్చాడంటారు. రేపు ఇంకొకడు అదే పని చేస్తాడు. అప్పుడు ఎవరి మాట నమ్మను? ఒక్క మాట, శల్మాయీ. పొద్దున ఒక్క మాట చాలేది."

"వాడు అందించాడు మామా. నేను చెప్పేలోపే అందించాడు."

ఎలాసా మళ్ళీ చెప్పు ఒళ్ళో పెట్టుకున్నాడు.

పస్కా వెళ్ళిన ఏడు వారాలకు వచ్చే ఆ పండుగకు మూడు రోజుల ముందు తగలబెట్టారు. తీగలు శల్మాయే నరికాడు. తండ్రి నాటిన తీగలు, ఒక్కోటి తొడంత లావు. లోపల ఇంకా నీరు కారుతోంది. అవతల మత్యా తన గోధుమ కోసి కుప్ప వేశాడు. ఇద్దరి మధ్యా గోడ కూడా లేదు. పొద్దున నుంచి సాయంత్రం దాకా ఎవరూ ఒక్క మాట అనలేదు. పచ్చితీగ అంత తొందరగా అంటుకోదు. మత్యా తన కుప్ప నుంచి మండుతున్న గడ్డి కట్ట ఒకటి తెచ్చి గండిలో పెట్టి వెనక్కి వెళ్ళాడు. శల్మాయి దాన్ని తీసుకున్నాడు. తీసుకోవడం అంత కష్టమేం కాదని అప్పుడు తెలిసింది.

మత్యాకు పోయిన గోధుమ శల్మాయి ఇచ్చుకోవాలి. గాదెలోంచి కొలిచి గాడిద మీద పంపాడు. వద్దంటాడేమో, అప్పుడు తను నాలుగు మాటలు అనవచ్చని ఎదురుచూశాడు. మత్యా ఏమీ అనకుండా కొలిపించుకున్నాడు. ఖాళీ సంచులు మడతపెట్టి తిరిగి పంపాడు. ఇప్పుడు దారిలో ఎదురుపడితే ఇద్దరూ శాంతి కోరుతూ సమాధానం అని పలకరించుకుంటారు. అంతకు మించి మత్యా ఇంకేమీ అనడు.

శల్మాయి తోటలో ఆ వైపు నేల నల్లగా ఉంది. గండికి ఎదురుగా ముప్పై ఆరు మూరల పొడవు, ఇరవై మూరల వెడల్పు. అయిదు వరసలు, వరసకు తొమ్మిది చొప్పున, పోయినవి మొత్తం నలభై అయిదు తీగలు.