గ్వంగ ముజ్జె దరువు

"పెళ్లి కబురు ఎలా చెబుతారర్రా?" అని అడిగాను.

"ఫోన్!" అని పిల్లలంతా ఒక్కసారే అరిచారు.

"చావు కబురు?"

"ఫోన్!"

"మీ ఫోన్లు తగలెయ్య! ఇంటికెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని చెప్పాల్సినవి కొన్నుంటాయర్రా."

"మరి డోలు, టీచర్?" అంది నకిటెండె. ఈ పిల్లకు ప్రశ్నలు అయిపోవు.

"వసారాలో డోలు మీద రోజూ కొట్టేది బడి దరువు. గ్వంగ ముజ్జె, అంటే 'జనమంతా రండి' అనే దరువు వేరు. అది ప్రాణం మీదికొస్తేనే కొట్టాలి, విన్నవాళ్లు ఎక్కడి పనక్కడ వదిలి పరుగెత్తుకు రావాలి. ఆటకి కొట్టారో, వీపు విమానం మోత మోగుతుంది!"

మా బడి గుట్ట మీద ఉంది. కింద చిత్తడిలో మనిషిని మించిన రెల్లు. ఆ పొద్దున ఊరి ఆడవాళ్లు చాపల కోసం రెల్లు కోయడానికి దిగారు. నకిటెండె తల్లి కూడా చంటిదాన్ని వీపున కట్టుకుని వెళ్లింది.

"టీచర్! ఏరు!" అని కిటికీ దగ్గర సెబగ్గాల కేక పెట్టాడు.

ఎగువన ఎక్కడ కురిసిందో ఏమో, ఎర్రటి నీళ్లు అరటిచెట్లను దొర్లించుకుంటూ మలుపు తిరుగుతున్నాయి. ఇక్కడ చినుకు లేదు. పాపం, వాళ్లకెలా తెలుస్తుంది?

"మా అమ్మ! చెల్లి!" అంది నకిటెండె.

"ఫోన్ చెయ్యండి టీచర్!"

"నీళ్లలో పడుతుందని ఇంట్లో పెట్టి పోతారు కదరా!"

ఒకడు చొక్కా విప్పి ఊపాడు. రెల్లు మధ్య వాళ్లకు ఆకాశం తప్ప ఏం కనబడుతుంది, మొద్దు వెధవ! నేను గొంతు చించుకున్నాను. ఎదురుగాలికి నా కేక నాకే వినబడలేదు.

సెబగ్గాల ఉరికి డోలు అందుకున్నాడు. ధన్ ధన్ ధన్.

"అది బడి దరువురా! ఇంటర్వెల్ అనుకుంటారు!" అంటూ నకిటెండె వాణ్ని తోసేసి పుల్లలు లాక్కుంది.

గ్వంగ ముజ్జె మోగింది! రెల్లు కదిలింది. ఒక తల, ఇంకో తల, అదిగో, అందరూ కొడవళ్లతో గుట్టెక్కుతున్నారు! చివరామె ఒడ్డెక్కిందో లేదో, వెనక రెల్లంతా నీళ్లలో మునిగిపోయింది.

నకిటెండె తల్లి రొప్పుతూ వచ్చి డోలు దగ్గర కూలబడింది. వీపున చంటిది కేరుమంటోంది. పిల్లలు ఎగిరి గంతులేస్తున్నారు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"ఏరొస్తోందని కేకేస్తూ రావచ్చుగదే?" అంది తల్లి.

"అలా చెబితే, ఈ మోపొక్కటీ కట్టి వస్తానంటావమ్మా. ఈ దరువుకైతే వచ్చేస్తావు."

తల్లి తన చేతులు చూసుకుంది. కొడవలి ఉంది. రెల్లు పరక ఒక్కటీ లేదు.