బండ దాచుకున్న మాట

బేతంచెర్లలో దాదాపీరు ఇంట్లో పొద్దున్నే బండలు కడిగేటప్పుడు ఎవరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. ముందురోజు నోరు జారినవాళ్ళు ఆ పూటకు ఏదో ఒక పని కల్పించుకుని వీధిలోకి పోతారు. ఆయన భార్య పీరమ్మ కొంగు దోపుకుని బిందెడు నీళ్ళు కుమ్మరిస్తుంది. అత్త మీద తాను గొణిగిన గొణుగుడు, చిన్నకొడుకు బడి ఎగ్గొట్టి స్నేహితుడితో చెప్పిన గొప్పలు, పక్కింటామె వచ్చి మోసిన చాడీలు అన్నీ బండల్లోంచి ఒక్కొక్కటే పైకి వస్తాయి. వచ్చినవాటిని వచ్చినట్టే చీపురుతో మోరీలోకి తోసేసి ఆమె టీ పెట్టుకుంటుంది.

ఆ ఊరి నాపరాయి గుణమే అంత. పాలిష్ పట్టి నేలకు పరిచాక దాని మీద నిలబడి ఏం మాట్లాడినా దాచిపెట్టుకుంటుంది, నీళ్ళు పడితే చెప్పేస్తుంది. కొత్తమాట ముందు వస్తుంది, పాతమాట తర్వాత వస్తుంది. ఒకసారి చెప్పిన మాట ఇక దాని దగ్గర ఉండదు. అందుకే ఆ ఊళ్ళో పెళ్ళి సంబంధాలూ పాలివాళ్ళ తగాదాలూ మట్టినేల మీదే మాట్లాడుకుంటారు. లారీల్లో కర్నూలుకూ కడపకూ పోయే బండలు కూడా ఇంతే. కొన్నవాళ్ళు మొదట్లో ఒకటి రెండుసార్లు నాలుక కరుచుకుని, తర్వాత అలవాటు పడిపోతారు.

దాదాపీరుకు మాత్రం ఈ గుణమే చెవి. ఇరవై ఏళ్ళు పాలిష్ మిషను పక్కన నిలబడి ఆయన వినికిడి పోగొట్టుకున్నాడు. ఇప్పుడు మేస్త్రీల వెంట బండలు పరిచే కూలికి పోతున్నాడు. ముఖంలో ముఖం పెట్టి అరిస్తే కాస్త వినపడుతుంది. కానీ తడిసిన బండ చెప్పే మాట ఆయన అరికాలికి తేటగా తెలుస్తుంది. అందుకని పీరమ్మ ఆయన్ను అన్నానికి పిలవాలంటే కేక వేయదు. వంగి బండతో "అన్నం తిందువు రా" అని చెప్పి చెంబెడు నీళ్ళు పోస్తుంది. ఆ మాట బండ నుంచి బండకు పాకి, ఆయన ఏ మూల ఉన్నా కాళ్ళకు తగులుతుంది.

ఈ ఇంటి పెద్దపిల్ల ఫిరోజా. కర్నూల్లో హాస్టల్లో ఉండి ఎం.సి.ఎ. ఆఖరి సంవత్సరం చదువుతోంది. కాలేజీ కల్లూరు అవతల, షేర్ ఆటోలు తిరిగే చివరి మలుపు దగ్గర ఉంది. మూడేళ్ళ కిందట చేరిన మొదటిరోజు ఎవరో మీ నాన్న ఏం చేస్తారని అడిగితే "స్టోన్ బిజినెస్" అంది. అబద్ధం ఆడాలని ఆడింది కాదు. నోటికి అలా వచ్చింది, విన్నవాళ్ళు మరో ప్రశ్న వేయలేదు, ఆ సుఖం ఆమెకు నచ్చింది. తర్వాత ఆ బిజినెస్ తనంతట తానే పెరిగి రెండు మిషన్లయింది, నాలుగు లారీలయింది. వాటితోపాటు ఫిరోజా మాట కూడా మారింది. ఉండాది పోయి ఉంది అయింది, యాడ పోయి ఎక్కడ అయింది. కాయిన్ బాక్స్ దగ్గర ఇంటికి ఫోన్ చేసేటప్పుడు మాత్రం అటూ ఇటూ చూసి, చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఏం జేస్తాండావు మా" అనేది.

ఆమెను చూసి అక్కడ ఎవరూ నవ్వలేదు, అదీ చెప్పుకోవాలి. గదిలో ఉండే పద్మప్రియ కడపలో బట్టల కొట్టువాళ్ళ పిల్ల. ఇంటినుంచి ఏది తెచ్చుకున్నా ముందు ఫిరోజా ప్లేటులో పెట్టేది. నవ్వే మనుషులు ఉండి ఉంటే ఫిరోజా సిగ్గుకు ఒక సాకైనా దొరికేది.

ఆఖరి సంవత్సరం బాధలు ఎలాగూ ఉన్నాయి. ప్రాజెక్టు సగంలో ఉంది, గైడు ఫోన్ ఎత్తడు, వస్తామన్న కంపెనీలు రావడం లేదు. ఏదో ఒక దూరపు ఊళ్ళో ఉద్యోగం వస్తే చాలు, అక్కడికి ఇంటివాళ్ళెవరూ రాకుండా చూసుకుంటే చాలు అని ఆమె లోపల లోపల అనుకుంటూ ఉండేది. అలా అనుకున్నందుకు మళ్ళీ తనమీద తనకే రోత పుట్టేది. ఇంతలో మార్చి నెల వచ్చింది. కాలేజీలో కొత్త హాలు కట్టారు. ఆఖరి సంవత్సరం వాళ్ళ వీడ్కోలు సభతో దాన్ని తెరుస్తామని, తల్లిదండ్రులు తప్పక రావాలని పిల్లల చేతికే కార్డులిచ్చారు. ఫిరోజా తన కార్డును ట్రంకు పెట్టె అడుగున పరిచిన కాగితం కిందికి తోసింది. ఇంటికి ఫోన్ చేసి, సభకు ఇంటివాళ్ళనెవరినీ పిలవలేదని చెప్పింది. పీరమ్మ ఏమీ అనుమానించలేదు, మీ నాయనకు మాత్రం యాడ తీరుతుందిలే అంది.

ఆ హాలుకు బండలు పరచడానికి శివప్రసాద్ మేస్త్రి బేతంచెర్ల నుంచి మనుషులను తెచ్చాడు. వాళ్ళలో దాదాపీరు ఉన్నాడు.

సభకు ముందురోజు సాయంత్రం కుర్చీలు ఎక్కడ వేయాలో చూడటానికి పద్మప్రియా, అజయ్ అనే క్లాసు కుర్రాడూ, ఫిరోజా హాల్లోకి వెళ్ళారు. గడప దాటగానే బండల మూడో వరుసలో ఒక మనిషి గొంతుక్కూచుని బండల సందుల్లో సిమెంటు పూస్తున్నాడు. తల, మీసం, కనురెప్పలు అన్నీ రాతిపొడితో తెల్లగా ఉన్నాయి. తలెత్తి ఫిరోజాను చూశాడు. ముఖం వెలిగింది. మరుక్షణం ఏమనుకున్నాడో తల దించుకుని పనిలో పడ్డాడు.

"ఆ పెద్దాయన నిన్నే చూశాడు. మీ ఊరాయనా? నీకు తెలుసా?" అని అడిగింది పద్మప్రియ.

"నాకు తెలీదు. ఎవరో కూలోళ్ళు," అంది ఫిరోజా.

గొంతు తడబడలేదు. అందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది. తండ్రి మూడడుగుల దూరంలో ఉన్నా ఆయనకు వినపడదని ఆమెకు తెలుసు. అంత లెక్కా ఒక్క క్షణంలో వేసుకునే అంది. బయటికి వచ్చి నాలుగడుగులు వేశాకగానీ తాను ఎక్కడ నిలబడి ఆ మాట అందో గుర్తు రాలేదు. బండలు పరిచిన మర్నాడు సందుల మీది సిమెంటు మరకలు పోవడానికి నేలంతా కడగాలి. కడిగేది పరిచినవాడే. అంటే రేపు పొద్దున దాదాపీరు ఆ బండ మీద నీళ్ళు పోస్తాడు, ఫిరోజా గొంతు ఆయన కాళ్ళకు తగులుతుంది.

ఆ రాత్రి ఆమె అన్నం తినకుండానే పడుకుంది. పద్మప్రియ ఒంట్లో బాగాలేదా అని నుదురు తాకి చూస్తే, ఆ చేతిని తోసేయాలనిపించింది.

ఆరు గంటలకు హాస్టలు గేటు తీశారు. ఫిరోజా స్నానాల గది నుంచి బకెట్టూ చెంబూ తీసుకుని పరుగులాంటి నడకతో హాలుకు చేరింది. ఇంకా ఎవరూ రాలేదు. బయటి కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుని మూడో వరుస దగ్గర నిలబడి కుమ్మరించింది.

"నాకు తెలీదు. ఎవరో కూలోళ్ళు."

తన గొంతే. ఎంత శుభ్రంగా, ఎంత తేలిగ్గా ఉందో విని ఫిరోజా చెవులు మూసుకుంది. ఆ వెనకే పద్మప్రియ అడిగిన ప్రశ్న వచ్చింది. జవాబు ముందు వచ్చి ప్రశ్న తర్వాత రావడం చిన్నప్పటినుంచీ ఆమె ఎరిగిన సంగతే. ఇక పోయింది, నాయన కాలికి తగలదు అని ఊపిరి పీల్చుకుంది. అయినా మనసు ఆగక, ఎక్కడైనా కొస మిగిలిందేమోనని ఇంకో బకెట్టు పోసింది.

సుత్తి చప్పుళ్ళు వచ్చాయి. తాపీ గీసిన చప్పుడు వచ్చింది. ఎవరో దగ్గారు. తర్వాత దాదాపీరు గొంతు, చెవిటివాళ్ళ గొంతు ఉన్నట్టే కాస్త గట్టిగా వచ్చింది.

"లేదు మేస్త్రీ. నాకెవురూ లేరు ఈడ."

ఫిరోజా చేతిలో బకెట్టు అలాగే ఉండిపోయింది. బండ కొంచెం ఆగి, మేస్త్రి శివప్రసాద్ అరుపును పైకి తెచ్చింది.

"ఏం పీరన్నా, నీ బిడ్డ కర్నూల్లోనే గదా సదివేది. ఈ కాలేజేనా?"

ఆ తర్వాత బండలో ఇంకేం లేదు. నీళ్ళు సందుల వెంట గుమ్మం వైపు పోయాయి. తాను అనడానికి ముందే ఆయన అన్నాడు. తనను చూడకముందే, తాను రావచ్చని తెలిసి, బిడ్డ పరువు కోసం బిడ్డనే లేదనేశాడు. ఫిరోజా తడినేల మీద కూలబడింది. నిన్నటినుంచీ ఉన్నది భయం. అసలు సిగ్గు ఇప్పుడు వచ్చింది, ఒళ్ళంతా వచ్చింది.

అప్పుడే దాదాపీరు చీపురు చంకన పెట్టుకుని, బకెట్టుతో గుమ్మంలోకి వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. పనివాళ్ళు ఎనిమిదింటికిగానీ రారు. తడిసిన బండలూ ఖాళీ బకెట్టూ ఏడుస్తున్న కూతురూ కనపడేసరికి ఆయన కాళ్ళు ఆగిపోయాయి. వచ్చి ఆమె ముందు గొంతుక్కూచుని బండ మీద అరచెయ్యి ఆనించాడు. బండ ఖాళీగా ఉంది. కూతురు తన మాట వినేసిందని ఆయనకు అర్థమైంది.

"తప్పుగా అనుకోవాకు పాపా. అది కడిగేద్దామనే అందరికన్నా ముందొచ్చినా. నువ్వు తలెత్తుకొని తిరిగే తావు ఇది. నా మాదిరోడు నీకు నాయనని తెలిస్తే బాగుండదని అట్లంటి. ఎట్లన్నా బిడ్డను లేదనగూడదు. శానా తప్పు."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. క్షమించమని అడుగుతున్నాడు. ఎవరిని అడుగుతున్నాడో ఆయనకు తెలియదు. ఫిరోజా అన్న మాట నీళ్ళతో గుమ్మం దాటిపోయింది, ఇక ఎన్నటికీ ఎవరూ దాన్ని వినరు. ఆమె కోరుకున్నదీ అదే. ఇప్పుడు "సరేలే నాయనా" అంటే అన్నీ అయిపోతాయి, ఆయన తేలికపడి పోతాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనలేకపోయింది. నేనూ అన్నాను అనీ చెప్పలేకపోయింది. ఆయన మోకాలి మీది పొడిని చేత్తో తుడుస్తూ కూచుంది.

ఆయన లేచి తానే మిగిలిన నేలంతా కడిగాడు. ఆమె నీళ్ళు మోసుకొచ్చి ఇచ్చింది. ఎండ హాల్లోకి వచ్చేసరికి గుమ్మం దగ్గర మాటలు వినిపించాయి. పద్మప్రియా, అజయ్, ఇంకో పదిమంది పిల్లలు కుర్చీలు మోసుకుని వస్తున్నారు. దాదాపీరు వాళ్ళను చూసి, ఫిరోజా చేతిలోని బకెట్టు చటుక్కున లాక్కున్నాడు. ఎవరో పరాయివాడిలా ముఖం తిప్పుకుని అవతలి తలుపు వైపు నడిచాడు. పది గంటల రైలుకు ఊరికి పోవాలని, సభ మొదలయ్యేసరికి ఈ ఛాయల్లో ఉండకూడదని ఆయన ముందే అనుకున్నాడు.

"నాయనా," అంది ఫిరోజా.

ఆయనకు వినపడలేదు. పిల్లలంతా ఇటు తిరిగారు. ఆమె మళ్ళీ, ఇంకా గట్టిగా పిలిచింది. ఆయన హాలు సగం దాటాడు. ఎవర్ని పిలుస్తున్నావే అని పద్మప్రియ నెమ్మదిగా అడిగింది.

ఫిరోజా చున్నీ నడుముకు దోపుకుని, ఇంట్లో తల్లి కూచున్నట్టే గొంతుక్కూచుంది. బండకు నోరు దగ్గర పెట్టి చెప్పింది. అంతమందిలో చెబుతుంటే ముఖం కాలిపోతోంది, అయినా చెప్పింది. చెంబులోని నీళ్ళు దాని మీద పోసింది.

బండ ఆమె గొంతుతో పలికింది. "నాయనా, యాడికి పోతాండావు? నిన్న నువ్వెవురో తెలీదంటి. కూలోడంటి. పద్మప్రియకు అట్లా చెప్తి. నువ్వు మా నాయనవు. పోవాకు."

తడిసిన నేల కనుక మాట త్వరగానే పాకింది. వరుస తర్వాత వరుస అదే చెప్పుకుంటూ పోయింది. పిల్లలు కుర్చీలు పట్టుకుని దారి ఇచ్చినట్టు పక్కకు నిలబడ్డారు. అవతలి తలుపుకు రెండు బారల ఇవతల అది దాదాపీరు కాళ్ళకు తగిలింది. ఆయన ఆగాడు. వెనక్కి తిరగలేదు. ఆయన వీపు చూస్తూ ఫిరోజా, కొట్టినా బాగుండు అనుకుంది. చివరికి ఆయన బకెట్టు కింద పెట్టి, తడిలో జాగ్రత్తగా నడుచుకుంటూ వెనక్కి వచ్చి, కూతురి తల మీద చెయ్యి పెట్టాడు.

"తడిలో కూచోవాకు, లెయ్," అన్నాడు.

పద్మప్రియ తాను మోస్తున్న కుర్చీని తెచ్చి మొదటి వరుసలో, తల్లిదండ్రులు కూర్చునే చోట వేసింది. నాలుగు లారీల సంగతి ఆ రోజూ అడగలేదు, తర్వాతా అడగలేదు. అలా అడగనందుకు ఫిరోజా చాలా ఏళ్ళు సిగ్గుపడింది.

పది గంటల రైలు దాదాపీరు లేకుండానే బేతంచెర్లకు పోయింది. కుళాయి కింద ముఖం కడుక్కుని, రాతిపొడి చొక్కాతోనే ఆయన మొదటి వరుసలో కూర్చున్నాడు. సభలో పెద్దలు ఒకరి తర్వాత ఒకరు మైకు ముందుకు వచ్చి మాట్లాడారు. ఆయనకు ఒక్క ముక్క వినపడలేదు. ఫిరోజా ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. ఒక్కొక్కరు చెప్పింది వింటూ, వంగి తమ ఊరి మాటల్లో బండకు చెబుతూ, చెంబులోంచి కొంచెం కొంచెం నీళ్ళు పోస్తూ వచ్చింది. ఆయన చెప్పులు విప్పి రెండు పాదాలూ బండ మీద ఆనించాడు. పక్క కుర్చీలో ఉన్న పెద్దమనిషి బూట్లు తడవకుండా కాళ్ళు కాస్త జరుపుకున్నాడు.